దోమ్నా కుర్చీ

తెర పైకి పోతూండగానే ముక్కు పక్కన దురద మొదలైంది. ముడతలు గీసినచోట, నల్లరంగు ఆరి చర్మాన్ని లాగుతున్నచోట, సరిగ్గా అక్కడే. గోక్కోవడానికి లేదు. పక్షవాతం వచ్చి ఏళ్ళ తరబడి కుర్చీకి అంటుకుపోయిన జమీందారుల ఇంటి మామ్మ చెయ్యెత్తి ముక్కు గోక్కుంటే ఆట అక్కడితో సరి. అంకం మొదట్నుంచి చివరిదాకా కదలకూడదు, పెదవి విప్పకూడదు. అంతా అయ్యాక, యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనవడు మోకాళ్ళమీద కూలబడి ఒళ్ళో తలపెట్టినప్పుడు, కుడిచెయ్యి ఒక్కటి ఎత్తి, విరిగిన గొంతుతో "చల్లగా ఉండు నాయనా" అనాలి. ఆ ఒక్క ముక్క కోసం అంకమంతా ఇలా కూచోవాలి. కపితోలీనా యెగోరొవ్నా, కంపెనీలో పెద్దా చిన్నా అందరికీ కాపా, దురదను మరిచిపోవడానికి ఆ ఒక్క ముక్కనే తలుచుకుంది. దాన్ని ఎలా చెడగొట్టాలో పొద్దున్నే నిశ్చయించుకుంది. గొంతు విరవదు. ముప్పై ఆరేళ్ళ తన సొంత గొంతుతో, పెళ్ళికూతురి పక్కన చెలికత్తె పలికినట్టు తేటగా పలుకుతుంది. పైన గ్యాలరీలో ఎవడో ఒకడు ఫక్కున నవ్వుతాడు. వాడు నవ్వితే పదిమంది నవ్వుతారు. పక్కతెర వెనక నిలబడ్డ యజమాని పొర్ఫీరీ సావ్విచ్ గడ్డం పీక్కుని, ఈవిడకి ముసలి వేషాలు పనికిరావు, యారొస్లావ్ల్‌కి కబురు పెట్టి ఇంకో ముసలిదాన్ని పిలిపించండి అంటాడు. అంతే కావాలి. ఆ నవ్వు వచ్చిందంటే ఇంకొన్నాళ్ళు పడుచుదనం మిగులుతుంది.

కంపెనీలో ఎవరి వరస వాళ్ళది. కథానాయకుడు ఒకడు, దుష్టుడు ఒకడు, తండ్రి వేషాల పెద్దమనిషి ఒకడు, అమాయకపు పడుచు ఒకతె, ముసలిది ఒకతె. నాటకం ఏదైనా కానీ, ఈ రిబిన్స్క్‌లో కానీ కొస్త్రొమాలో కానీ, మనిషిని చూసి కాదు, వరసను చూసి పనిలోకి తీసుకుంటారు. పడుచు వరసలోంచి ముసలి వరసలోకి పోవడం పుట్టింటి నుంచి అత్తింటికి పోవడంలాంటిది కూడా కాదు. పుట్టింటికి ఏడాదికోసారైనా వచ్చిపోవచ్చు. ముసలి వరసలోకి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఒక్కసారి జనం ముడతల మొహంతో చూశారంటే, మర్నాడు తెల్లగౌను తొడుక్కుని వచ్చినా వాళ్ళకి ఆ ముడతలే కనిపిస్తాయి, పూలదండ చూసి నవ్వుతారు. ఆ సంగతి పొర్ఫీరీ సావ్విచ్‌కి తెలియదా? తెలుసు. తెలిసే, దోమ్నా తిఖొనొవ్నా బావి దగ్గర మంచుమీద జారి కాలు విరగ్గొట్టుకున్న రోజు సాయంత్రం, చేతులు రుద్దుకుంటూ గదికి వచ్చాడు. "ఒక్క ఆట తల్లీ. కూచోవడమేగా! నడవక్కర్లేదు, పాడక్కర్లేదు. మా ఆవిడ ఇంట్లో రోజూ చేసే పనే." మరి మస్లెనిత్సాకి ఇస్తానన్న పెళ్ళికూతురు వేషం మాటేమిటని అడిగింది కాపా. ఉపవాసాల ముందు వచ్చే ఆ అట్ల పండగ వారంలో ఊరు ఊరంతా నాటకానికి వస్తుంది, ఆ వారంలో చూసినదాన్నిబట్టే యజమానులు వచ్చే ఏటికి మనుషుల్ని కుదుర్చుకుంటారు. "ముందు ఇది కానీ," అన్నాడాయన. "ఇది బాగా వచ్చిందనుకో, ఆలోచిద్దాం. రాలేదనుకో, అప్పుడూ ఆలోచిద్దాం." తలుపు వెనక మేకుకి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి, పెళ్ళికూతురి గౌను వేలాడుతోంది. ఎవరి బట్టలు వాళ్ళే కుట్టుకోవాలి కంపెనీలో. శీతాకాలమంతా దీపం దగ్గర కూచుని కుట్టింది. పొర్ఫీరీ సావ్విచ్ మాట్లాడుతున్నంతసేపూ ఆ దుప్పటి వైపే చూశాడు, అదేమిటని మాత్రం అడగలేదు.

ఈ కుర్చీ దోమ్నాది. కుర్చీ గుంటపడినచోట దోమ్నా కూచున్న గుర్తు, చేతుల మీద దోమ్నా అరచేతుల నునుపు, మోకాళ్ళమీది శాలువాలో దోమ్నా వాసన, ఉల్లిపాయ కూరిన పిరోగు రొట్టెదీ గుండెదడకి తాగే చుక్కలమందుదీ కలిసి. ఈ పొద్దున చెక్కల మధ్య కాలు బిగించి కట్టుకుని పడుకున్న ఆవిడ, పాఠం చెప్పించుకోవడానికి కాపా వస్తే, ముందు నవ్వింది. ఆ తర్వాత చెప్పింది. "మోకాళ్ళు దగ్గరగా పెట్టుకోకే పిల్లా. పడుచుదానివి కనక దాచుకుంటావు, ముసలిదానికి దాచుకోడానికి ఏముందని? తల ఊపకు. తెలివితక్కువవాళ్ళు ఊపుతారు. ముసలివాళ్ళు తల ఊగకుండా ఉండాలని తంటాలు పడతారు, ఆ తంటాలు చూపించు, చాలు." చెప్పి చెప్పి ఆగి, కాపా మొహంలోకి చూసింది. "నువ్వు ఇది బాగా చెయ్యకూడదని చూస్తున్నావు కదూ? నాకు తెలుసులే. నేనూ అలాగే చూశాను." విడుదల రాకముందు, మనుషుల్ని గొడ్లలా అమ్ముకున్న రోజుల్లో, దోమ్నా ఒక జమీందారు సొంత నాటకశాలలో బానిస నటి. ఇరవై ఎనిమిదేళ్ళు. దొర ఆమె వంక ఎక్కువసేపు చూస్తున్నాడని దొరసానికి అనుమానం వచ్చింది. కొరడా దెబ్బలు లేవు, అమ్మెయ్యడమూ లేదు. "పిలిచి చెప్పింది, ఈ రోజు నుంచీ నువ్వు ముసలిదానివి అని. అయిపోయాను. అంతే. మళ్ళీ ఎవరూ నన్ను కాదు పడుచుదానివేలే అని చెప్పలేదు. విడుదల వచ్చినప్పుడు కూడా ఆ కాగితంలో ఆ ముక్క లేదు." అంటూ మళ్ళీ నవ్వింది, కాలు కదిలి అబ్బా అంది, తలగడ కిందినుంచి లేసు కుళ్ళాయి తీసి ఇచ్చింది. ఇదిగో ఆ కుళ్ళాయే, గడ్డం కింద రిబ్బను ముడి బిగుసుకుని మింగుడు పడనివ్వడం లేదు.

దోమ్నాకి దొరసాని చెప్పింది. నాకెవరూ చెప్పలేదే, నేనే వచ్చి కూచున్నాను, అనుకుంది కాపా, అనుకుంటూ ముందుదీపాల పొగలోంచి హాలు వైపు చూసింది. మామ్మ కళ్ళు కదపవచ్చు, ఆ మాత్రం హక్కుంది. ఆదివారం పగటి ఆట. పై కిటికీ మూసిన చెక్కల సందులోంచి తెల్లటి మంచువెలుగు గీతలా పడుతోంది. ముందు వరసల్లో ధాన్యం వర్తకుల భార్యలు, బొచ్చుకోట్లు విప్పకుండానే, పెట్టెల్లో సర్దినట్టు కూచున్నారు. పైన గ్యాలరీలో పడవ కూలీలు, వోల్గా గడ్డకట్టి పనుల్లేక, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు, తొక్కలు కిందివాళ్ళ నెత్తిన రాలుతున్నాయి. ఎంత మంది మొహాలు! తనెప్పుడూ ఇంతసేపు వాళ్ళను చూడలేదు. ఇన్నేళ్ళలో ఏనాడూ రంగస్థలం మీద ఇంతసేపు ఉండనిచ్చిందెవరు? పరుగెత్తుకుంటూ వచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, "అమ్మాయిగారూ, ఆయన వచ్చేశారు!" అనడం, ఆయన రావడం, అమ్మాయిగారు "నువ్వు వెళ్ళవే" అనడం, వెళ్ళడం. వోలగ్దాలో, వ్యాత్కాలో, పేరు గుర్తులేని ఊళ్ళలో, కొట్టాల్లో, చలికి సిరా గడ్డకట్టే గదుల్లో. చెలికత్తె, పనిపిల్ల, రెండో చెల్లెలు, పేరులేని స్నేహితురాలు. అంతకుముందు, అమ్మ కంపెనీ బట్టలుతికే రోజుల్లో, తొమ్మిదేళ్ళప్పుడు, నడుముకి తాడు కట్టి దేవదూతలా పైనుంచి వేలాడదీశారు. తాడు చిక్కుపడి, తెర దిగాక కూడా పైనే ఉండిపోయింది, కింద అందరూ టీ తాగుతుంటే. ఏడవలేదు. దేవదూతలు ఏడవరని అమ్మ చెప్పింది కదా. ఇప్పుడు మామ్మలు గోక్కోరు. అదీ ఇదీ ఒకటే తాడు.

లీడా వచ్చింది. కొత్తపిల్ల, పంతొమ్మిదేళ్ళు, నాటకంలో మామ్మను కనిపెట్టుకుని ఉండే అనాథ. శాలువా సర్దడానికి వంగింది. జనానికి వీపు తిప్పగానే, పెదవి కదపకుండా గుసగుసలాడింది. "కపితోలీనా యెగోరొవ్నా, ముక్కు కింద మీ రంగు కారుతోందండీ."

"నీ మాటలు చెప్పుకో పిల్లా. గెరాసిం అప్పుడే రెండుసార్లు అందించాడు."

రంగస్థలం ముందు చెక్కగూట్లో కూచున్న ప్రాంప్టరు గెరాసిం, పేజీలోంచి తలెత్తి, పాముబుసలా మూడోసారి అందించాడు. లీడా గబగబా అప్పజెప్పింది, అనాథలకు దేవుడే దిక్కని, ఈ ఇంటి చలువ తనకు చాలని. గొంతు బాగానే ఉంది దిక్కుమాలినదానికి. నేర్చుకోలేదు, వచ్చేసింది. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, ఒకటి ఎప్పుడూ గాల్లో మిగిలిపోతుంది. మళ్ళీ వంగినప్పుడు కాపా ఇంక ఆగలేకపోయింది. "లీడా. ముక్కు. ఎడంపక్క. గోకు." లీడా కళ్ళు పెద్దవయ్యాయి, నవ్వాపుకోవడానికి బుగ్గ కొరుక్కుంది, తర్వాత నెమ్మదిగా రుమాలు తీసి మామ్మ మొహం తుడిచింది, తుడుస్తూ ఎడంపక్క గట్టిగా రుద్దింది. ఎంత హాయి, దేవుడా. హాల్లోంచి "అయ్యో" అని నిట్టూర్పు వచ్చింది. ఏ వర్తకుడి భార్యో మురిసిపోయి ఉంటుంది ఆ సేవకి. మంచిపిల్లే, అనుకుంది కాపా, మంచిపిల్లే గానీ గౌను లేదు దానికి. పెళ్ళికూతురు వేషం వెయ్యాలంటే గౌను కావాలి, నాకుంది. నడుం సన్నమే ఇంకా. ఆ నడుం కోసం, వ్యాత్కాలో ఆ శీతాకాలం, ఆరో నెల వచ్చేదాకా బిగించి బిగించి కట్టుకుని చెలికత్తెగా పరుగెత్తింది. ఆ ఏడు యజమాని ఇంకొకడు, కడుపుతో ఉన్నదాన్ని పెట్టుకునేవాడు కాడు. ఒకరోజు ఆట మధ్యలో నొప్పి మొదలైంది. అంకం పూర్తిచేసింది. మళ్ళీ కడుపు రాలేదు. అప్పటి నుంచీ మొగుడు వల్యా ఆ ఊరిపేరు ఎత్తడు, కంపెనీ ఆ దారిన పోతుంటే బండిలో నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటాడు. నిద్రపోడు. తనకు తెలుసు.

ఎడమ కాలు మొద్దుబారింది. ముందు వేళ్ళు, తర్వాత పాదం, ఇప్పుడు మోకాలిదాకా, చీమలు పాకి పాకి ఆ చీమలు కూడా చచ్చిపోయినట్టు. దోమ్నా ఈ సంగతి చెప్పలేదే. పోనీలే, పక్షవాతానికి సరిపోతుంది.

పక్కతెర వెనక గుర్రపుడెక్కల చప్పుడు, అంటే ఎవరో చెక్కగిన్నెలు బల్లమీద బాదుతున్నారు. ఇప్పుడు ఎవరో ఒకతె పరుగెత్తుకొచ్చి ఆయన వచ్చేశారని చెప్పాలి. ఈసారి చెప్పేది లీడా. "మామ్మగారూ, ఆయన వచ్చేశారు!" నా మాట, అనిపించింది కాపాకి, వింతగా, చీరుకున్నట్టు, నా మాట అది, నేను నవ్వుతూ చెప్పేదాన్ని, ఇది ఎర్రబడి చెబుతోందేం? వల్యా వచ్చాడు. వలేరియాన్ పెత్రోవిచ్, కంపెనీ కథానాయకుడు, నలభై ఆరేళ్ళు, నాటకంలో ఇరవై నాలుగు. సైన్యపు కోటు, నల్లటి విగ్గు, వెడల్పు ఛాతీ, చీమలా సన్నటి నడుం. గ్యాలరీ చప్పట్లు కొట్టింది. ఆ నడుం తన చేతిపని. రోజూ ఆటకి ముందు అతన్ని గోడకి మొహం పెట్టి నిలబెట్టి, వీపుమీద మోకాలు ఆనించి, తిమింగలం ఎముకల కట్టు తాళ్ళు బిగిస్తుంది. "చంపుతావే," అంటాడు, "ఊపిరి వదులు," అంటుంది, ముడి వేస్తుంది. ఇవాళ ఆ పూట తనకు కుదరలేదు. అద్దం ముందు కూచుని, కాల్చిన బెండుముక్కతో నుదుటిమీద, నోటి పక్కల, కళ్ళ కింద గీతలు గీసుకుంటోంది. విచిత్రం, గీయాల్సిన చోట వెతుక్కోనక్కర్లేకపోయింది. అవి అక్కడే ఉన్నాయి, సన్నగా, పెన్సిలుతో పైపైన గీసినట్టు. నల్లరంగుకి వాటంతటవే దారి చూపించాయి. వల్యా వెనకనుంచి అద్దంలో చూశాడు. ఒకమాట అనాల్సింది. ఇరవై ఏళ్ళ కాపరంలో ఒక్క అబద్ధం, ఇది నీకు నప్పలేదే అని. "కట్టు నేనే బిగించుకుంటాలే," అని వెళ్ళిపోయాడు.

వల్యా యుద్ధం గురించి చెబుతున్నాడు. మంచు, ఫిరంగులు, తల్లిలాంటి మామ్మ తలపు. బాగా చెబుతున్నాడు, గెరాసిం అందించేలోపలే చెబుతున్నాడు. కానీ నడకలో ఏదో తేడా ఉంది, కుర్చీ చుట్టూ తిరుగుతూ కుడివైపు తిరగాల్సినచోట ఎడమకే తిరిగాడు, చెయ్యి నడుం మీదికి పోయి, మధ్యలో గుర్తొచ్చి కత్తిపిడి మీద ఆగింది. తలుపు మూలనుంచి చలిగాలి కాళ్ళ దగ్గరికి వస్తోంది. కొస్త్రొమాలో మెజెన్‌త్సెవ్ కూడా ఇలాగే నడిచేవాడు ఆఖరి ఏడు. ఎంత పెద్ద కథానాయకుడు! ప్రియురాలి ముందు మోకరిల్లాడు, మోకాలు చిటుక్కుమంది. అంతే, మోకాలు చిటుక్కుమంది. ఆ నిశ్శబ్దంలో గ్యాలరీ దాకా వినిపించింది. మర్నాడు అతను రంగస్థలం మీదికి రాగానే పైనుంచి ఎవడో పళ్ళతో అక్రోటు కాయ పగలగొట్టాడు, చిటుక్. జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత ప్రతి ఆటకీ అక్రోటు కాయలు. వసంతానికల్లా మెజెన్‌త్సెవ్ తలుపు దగ్గర నిలబడి గొడుగులు, బూట్లమీద తొడిగే రబ్బరు గలోషులు తీసుకుంటున్నాడు. తమకి నమస్కారం పెట్టి, "వలేరియాన్ పెత్రోవిచ్, మోకాళ్ళు జాగ్రత్త," అన్నాడు. ఆ రాత్రి వల్యా గదిలో మోకాళ్ళు వంచి లేచి, వంచి లేచి, చప్పుడొస్తోందేమో వినమన్నాడు. తను మంచంమీద పడుకుని విని, రావడం లేదంది. వస్తోంది, కొంచెం.

ఇప్పుడు మోకరిల్లాడు. జనానికి పక్కవాటుగా, అందంగా, ఎన్నడూ తప్పని ఆ వంపుతో కూలబడి, మామ్మ ఒళ్ళో తల పెట్టాడు. విగ్గు కింద చెమట వాసన, పుదీనా వాసన, వల్యా వాసన. "దీవించు మామ్మా!" అన్నాడు హాలంతా వినిపించేట్టు. ఇదే ఆ చోటు. చెయ్యి ఎత్తాలి, ఆ ఒక్క ముక్క అనాలి, తన గొంతుతో, తేటగా, నవ్వు రావాలి, అతను లేచి లీడా చెయ్యి పట్టుకోవాలి, తెర పడాలి. చెయ్యి ఎత్తబోతోంది. శాలువాలోకి మొహం దూర్చి వల్యా గొణిగాడు.

"కాపా. నడుం."

"ఏమిటి?"

"పట్టేసింది. లేవలేను."

"వేషాలు చాలించు."

"వేషాలు కాదే! కదిలితే నడుంలో కత్తి దిగినట్టుంది. కట్టు వదులైపోయింది."

కాపా పెదవులు కదపలేదు, మామ్మకి పక్షవాతం కదా. "నిన్న ఎక్కడికెళ్ళావు నువ్వు?"

"సంతలో... మంచుగుట్ట. జారుడుబండి మీంచి పడ్డాం."

"పడ్డాం?" అంది. "పడ్డామంటే ఎవరెవరు?"

కాపా కళ్ళెత్తింది. ఆ మాత్రం హక్కుంది. లీడా రెండడుగుల దూరంలో, గాల్లో మిగిలిపోయిన ఆ చెయ్యితో సహా నిలబడి, చెవుల చివరలదాకా ఎర్రబడింది. ముందు వరసలో ఎవరో పక్కవాళ్ళతో "ఎంత సిగ్గరి పిల్లో చూడు," అన్నారు.

అలాగా. మంచుగుట్ట. పైనుంచి కిందిదాకా ఒకళ్ళ వెనక ఒకళ్ళు కూచుని జారతారు, ముందు కూచున్నదాని నడుం చుట్టూ వెనక కూచున్నవాడి చేతులు. తనూ జారింది, వోలగ్దాలో, పెళ్ళయిన కొత్తల్లో, చెవుల్లో గాలి హోరు, తన టోపీ ఎగిరిపోయింది, దానికోసం వల్యా గడ్డకట్టిన నదిమీద అంతదూరం పరుగెత్తాడు. నలభై ఆరేళ్ళవాడివి, నీకెందుకురా గుట్టలు? ఊరిలో అందరూ చూసే ఉంటారు. తను మాత్రం శనివారమంతా గౌనుకి అంచు కుట్టుకుంటూ కూచుంది. చూపించడానికి అతను వచ్చేదాకా ఆగింది. వచ్చాడు, చలికి ఎర్రబడి, ఆకలిగా, "అబ్బ, అందంగా ఉందే," అన్నాడు గౌను వైపు చూడకుండానే.

"చల్లగా ఉండు నాయనా," అంది గూట్లోంచి గెరాసిం గొంతు. ఎవరూ అనకపోతే మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, "చల్లగా ఉండు నాయనా! కాపా! అమ్మా, చల్లగా!" గ్యాలరీలో గింజల చప్పుడు ఆగింది, అది మంచిది కాదు, వాళ్ళు వింటున్నారు. ఇంకాస్తసేపు ఇలాగే ఉంటే చూడడం మొదలుపెడతారు. వల్యా వీపు వణుకుతోంది. కోటు కింద తాడు వదులై కట్టు పైకి లేచి, మూపు మీద గూనిలా కనిపిస్తోంది. ఇప్పుడు తను అనుకున్నట్టే తేటగా అంటే నవ్వొస్తుంది, వస్తుంది, దాని కోసమేగా పొద్దుట నుంచీ కాచుకున్నది. కానీ ఆ నవ్వు తన దగ్గర ఆగదు. కిందికి చూస్తారు. మోకాళ్ళమీద ఇరుక్కుపోయిన యోధుణ్ణి చూస్తారు. లేవబోయి నడుం పట్టుకుని "అమ్మా" అంటాడు. రేపటికి గ్యాలరీలో ప్రతివాడూ నడుం పట్టుకుని "అమ్మా" అంటాడు. మస్లెనిత్సాకి వల్యా గలోషులు తీసుకుంటూ తలుపు దగ్గర ఉంటాడు. ఉండనీ. గుట్టలెక్కాడుగా, ఉండనీ. అతను ముసలివాడైతే నేనేమైనా పడుచుదాన్నవుతానా? కానూ కాను. పోనీ ఇద్దరం ఒకేసారి... ఉండనీ, అనుకుంది కాపా, స్పష్టంగా, కోపంగా, ఆ మాట మనసులో పూర్తిగా అనుకుంది కూడా. అనుకుంటూండగానే ఆమె రెండు చేతులూ అతని చంకల కిందికి వెళ్ళిపోయాయి.

ఎందుకంటే చేతులకు ఇది రోజూ పనే. చలికాలం మొదలైందంటే వల్యా పొద్దున్నే మంచం మీంచి తనంతట తను లేవలేడు, ఈ సంగతి కంపెనీలో ఎవరికీ తెలియదు. చంకల కింద పట్టుకోవాలి, కుడిమోకాలు అతని ఛాతీ కింద ఆనించాలి, కుడివైపు ఒరిగించి, ఊపిరి వదలమని చెప్పి, వదిలినప్పుడే లాగాలి. ఎడంవైపు ఒరిగితే నొప్పి. ఏ పక్క పట్టుకోవాలో తనకొక్కదానికే తెలుసు, లీడాకి తెలియదు, ఎన్ని గుట్టలు జారినా తెలియదు. "ఊపిరి వదులు," అంది. వదిలాడు. కాపా లేచింది.

మొద్దుబారిన ఎడమకాలు నేల ఎక్కడుందో తెలుసుకోలేకపోయింది. ఒకపక్కకి కూలబోయింది, కుర్చీ చేతిని పట్టుకుంది, ఆ కాలు వెనకాల గుడ్డముక్కలా ఈడ్చుకొచ్చింది. హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది, పెద్ద తలుపు తెరిచినట్టు. ఏళ్ళ తరబడి కదలని మామ్మ లేస్తోంది. పట్టుకో, పట్టుకో, ఇప్పుడు, కుడివైపు. వల్యా బరువు, కోటు, కత్తి, బూట్లు అన్నీ కలిసి చేతులు పీకేస్తూ పైకి వచ్చాయి, అంగుళం అంగుళం, ఆ బరువు కింద తల ఊగబోయింది, ఊగకుండా ఉండాలని తంటాలు పడింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా, గూట్లో గెరాసిం నోరు తెరిచి పుస్తకం వదిలేశాడు. కాపా అంది. తేటగానే అనాలనుకుంది. నిండుమనిషిని ఎత్తుతున్న ఆడదాని గొంతు ఎంత తేటగా వస్తుంది? "చల్లగా... ఉండు... నాయనా," అని ముక్కలు ముక్కలుగా, మూలుగులా, లోపల్నించి ఎవరిదో గొంతు వచ్చింది. దోమ్నాది కాదు. అమ్మది. బట్టల గంప నెత్తికెత్తుకునేటప్పటి అమ్మ గొంతు.

తర్వాత పైనుంచి, గ్యాలరీలోంచి, ఒక కూలీ గొంతు, మొరటుగా, ఏడుపుతో, "లేచింది! ముసలమ్మ లేచిందిరోయ్!" ఆ వెంటనే పైకప్పు విరిగి మీద పడ్డట్టయింది. కాళ్ళు బాదుతున్నారు, టోపీలు విసురుతున్నారు, ముందువరసలో ఒకావిడ మాటిమాటికీ శిలువ గుర్తు వేసుకుంటోంది. ఇరవై ఏడేళ్ళలో, ఆ తాడుకి వేలాడిన రోజు నుంచి లెక్క వేసుకున్నా, ఆ చప్పుడు ఎన్నడూ తనకోసం రాలేదు. ఇంత పెద్దగా ఉంటుందనీ, ఇంత వెచ్చగా మొహానికి తగులుతుందనీ తెలియదు. ఎంత బాగుంది, అనుకుంది, అనుకుని భయపడింది. తెర పడింది, లేచింది, పడింది. పక్కతెర వెనక పొర్ఫీరీ సావ్విచ్ గంతులేస్తున్నాడు, గడ్డం తడిసిపోయింది కన్నీళ్ళతో, నిజం కన్నీళ్ళే. "తల్లీ! బంగారుతల్లీ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని! రోజూ లేవాలి, ప్రతి ఆటకీ లేవాలి! ఆ పెళ్ళికూతురి నాటకంలో కూడా నాయనమ్మ ఉందిగా, ఆ వేషం పెంచి రాయిస్తాను, అక్కడ కూడా లేద్దువుగాని!" పెళ్ళికూతురెవరని ఆమె అడగలేదు. లీడా పక్కనే నిలబడి ఏడుస్తోంది, సిగ్గుతోనో ఆట బాగా వచ్చినందుకో, ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. గౌను నడుం దగ్గర రెండువేళ్ళు లోపలికి కుట్టాలి దీనికి, అని కాపా కళ్ళు వాటంతటవే కొలత తీసుకున్నాయి, భుజాలు సరిపోతాయి. కుట్టేది ఎవరు? కంపెనీలో అంచు కుట్టడం ఇంకెవరికి వచ్చు?

"ముందుకి రండి, ముందుకి, పిలుస్తున్నారు!" అని పొర్ఫీరీ సావ్విచ్ నెట్టాడు. తెర మళ్ళీ లేచింది. పిలుస్తున్నారు, నిజమే. పేరు పెట్టి పిలవడం లేదు. "మామ్మా! మామ్మా!" అంటున్నారు. ఒక్కటి మిగిలింది ఇంకా, అనిపించింది కాపాకి. వంగి నమస్కరించేటప్పుడు మామ్మలా వంగనక్కర్లేదు. నటులందరూ వేషంలోంచి బయటికి వచ్చే చోటది. కుళ్ళాయి లాగేసి, వీపు నిటారుగా పెట్టి, గౌను రెండువేళ్ళతో ఎత్తి, చెలికత్తెలా, పడుచుదానిలా ఒక్కసారి చటుక్కున వంగి లేస్తే చాలు, చూడండి, ఇదిగో నేను, ముప్పై ఆరేళ్ళు, నడుం సన్నమే ఇంకా. గడ్డం కిందికి చెయ్యి పోయింది. రిబ్బను ముడి చెమటకి తడిసి గట్టిపడింది. రెండో చెయ్యి కూడా కావాలి దానికి.

రెండో చెయ్యి వల్యా దగ్గర ఉంది. అతను చిరునవ్వుతో, తల ఎత్తి, కథానాయకుడిలా నిలబడ్డాడు, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఒంటి బరువంతా ఆ చేతిమీదే వదిలేసి. "వదలకే," అన్నాడు నవ్వు చెదరకుండా, పళ్ళ మధ్యనుంచి, "కాపా, నీ పుణ్యం ఉంటుంది, తెర పడేదాకా వదలకు, పడిపోతాను." ఆ బరువుకి ఆమె నడుం వంగింది. నిటారుగా నిలబడాలని చూసింది, అతను జారాడు, మళ్ళీ వంగింది. మొద్దుబారిన కాల్లోకి రక్తం తిరిగివస్తూ వేయి సూదులు గుచ్చుతోంది. అతని నడుం చుట్టూ చెయ్యి బిగించి, కోటు కింద ఊడిపోయిన తాడు కొస దొరికితే, దాన్ని పిడికిట్లో చుట్టుకుని లాగి పట్టుకుంది. "ఊపిరి వదులు," అంది.

ముందువరసలో ధాన్యం వర్తకుడి భార్య కళ్ళు తుడుచుకుని, పక్కనున్న కూతుర్ని మోచేత్తో పొడిచింది. "చూడవే, ఎంత భద్రంగా పట్టుకున్నాడో. ఆ మనవడే లేకపోతే ముసల్ది పడిపోయేది."